సదానందం ఫిట్ అడిగిన రోజు

నస్పూర్ కాలనీలో వాన సంగతి తెలుసుకోవడానికి ఒకప్పుడు ఎవరూ రేడియో పెట్టేవాళ్ళు కాదు. సదానందం సిక్‌లో ఉన్నాడా, డ్యూటీలో ఉన్నాడా అని అడిగేవాళ్ళు. సిక్‌లో ఉన్నాడంటే చొప్పదండి దిక్కు వాన పడ్డట్టే. మృగశిరలో నడుంనొప్పి వచ్చిందంటే దుక్కులు మొదలయ్యాయని, శ్రావణంలో చలిజ్వరం వచ్చిందంటే నాట్లు పడుతున్నాయని, దీపావళి దాటాక కడుపునొప్పి వచ్చిందంటే వరి కోతకొచ్చిందని లెక్క. ఆయన ఒంట్లో రోగాలన్నీ పంచాంగం చూసుకునే వచ్చేవి. రేడియోలో చెప్పిన వాన ఎన్నోసార్లు మొహం చాటేసింది గానీ సదానందం జ్వరం ఏ ఏడూ మాట తప్పలేదు.

బొగ్గుబాయి పనివాళ్ళ ఇళ్ళల్లో సిక్, ఫిట్ అనే రెండు మాటలు ఉప్పూ చింతపండూ అంత మామూలు. బాయి అంటే ఈ దిక్కున గని. ఒంట్లో బాగలేనివాడు కంపెనీ డిస్పెన్సరీకి పోయి డాక్టరుతో సిక్ రాయించుకోవాలి. బాగయ్యాక మళ్ళీ పోయి ఫిట్ రాయించుకోవాలి. మొదటి కాగితం లేకుండా ఇంట్లో ఉంటే నాగా పడుతుంది, రెండో కాగితం లేకుండా పోతే బాయి గేటు దగ్గర హాజరు పడదు. కాలనీ పిల్లలు బడి ఎగ్గొట్టాలన్నా కూడా 'అవ్వా, నేనియ్యాల సిక్' అనేవాళ్ళు. తల్లి నుదుటిమీద చెయ్యి వేసి చూసి, ఫిట్టే ఉన్నవు నడువు అని తరిమేది.

సదానందానిది చొప్పదండి పక్కన ఒక చిన్న పల్లె. కాలువ కింద రెండెకరాల పొలం, ఇద్దరన్నదమ్ములు. తమ్ముడు హనుమండ్లు మస్కట్ పోయాడు, అన్న బొగ్గుబాయికి వచ్చాడు. పొలం మాత్రం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. చిక్కల్లా అదే. నెత్తిన తట్టతో బొగ్గు మోసి పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపే ఫిల్లర్ పనిలో చేరిన నాటినుంచీ ఆయన ఒక కాలు బాయిలో, ఒక కాలు బురదలో పెట్టి బతికాడు. "నా పెయ్యి బాయిల ఉంటది గని, పాణం పొలంల ఉంటది" అని పక్కన పనిచేసే కొండల్‌తో అనేవాడు. కొండల్ వయసులో చిన్నవాడు, పొలం లేనివాడు. రెండు చోట్ల ఉండే ఈ మనిషిని చూసి నవ్వేవాడు, కొంచెం ఈర్ష్య కూడా పడేవాడు.

ఆ రోజుల్లో సిక్ కావాలంటే నటన రావాలి. డిస్పెన్సరీ ముందు రేకుల షెడ్డు కింద పొద్దున్నే వరుస మొదలయ్యేది. ఒకడు కుంటుతూ వచ్చేవాడు, ఒకడు ఎర్రటి ఎండలో దుప్పటి కప్పుకుని వణికేవాడు. లోపలికి పోయేముందు పంపకాలు జరిగేవి. నువ్వు కడుపు చెప్పు, నేను నడుం చెప్తా, ఇద్దరం ఒక్కటే చెప్తే డాక్టర్ నమ్మడు అనుకునేవాళ్ళు. సమ్మక్క జాతర దగ్గర పడిందంటే కాలనీలో సగం మందికి విరేచనాలు పట్టుకునేవి. జాతర అయిపోగానే ఆ రోగులే ఫిట్ కోసం వచ్చి, జేబుల్లోంచి జాతర బెల్లం తీసి వరుసలో పంచుకునేవాళ్ళు. లోపలున్న డాక్టర్లు కూడా తక్కువ తినలేదు. పదిమందిలో నలుగురికి రాసి ఆరుగురిని తిట్టి పంపేవాళ్ళు. ఆ నలుగురిలో నిజంగా జ్వరం ఉన్నవాడు ఉన్నాడో లేడో దేవుడికే తెలియాలి.

డాక్టర్ నవనీత ఆ డిస్పెన్సరీకి వచ్చిన ఏడు కూడా శ్రావణంలో సదానందం అలవాటు ప్రకారం చలిజ్వరం తెచ్చుకున్నాడు. ఆమెది కరీంనగర్. అప్పటికి చాలా చిన్న వయసు. నాడి చూసింది, కళ్ళు చూసింది, ఏమీ అనకుండా సిక్ రాసింది. కొత్త డాక్టరమ్మ అమాయకురాలని సదానందం లోపల్లోపల సంతోషపడి పల్లెకు బస్సెక్కాడు. నారు పీకి, పొలం చదును చేసి, నాట్లన్నీ పూర్తిచేసుకుని ఫిట్ కోసం వచ్చాడు.

జ్వరం తగ్గిందా అని ఆమె అడిగింది. తగ్గిందన్నాడు. మాత్రలు వేసుకున్నావా అంది. వేసుకున్నానన్నాడు. చెప్పులు విప్పి కాళ్ళు చూపించమంది. జ్వరానికీ కాళ్ళకూ ఏం సంబంధమో ఆయనకు అర్థం కాలేదు గానీ, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రెండు కాళ్ళూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఇంక ఆమెకు చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. అయినా వంగి చూసింది. బురదలో నానీ నానీ వేళ్ళ సందులన్నీ తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. ఈ జ్వరం మోకాళ్ళ దాకా దిగబడ్డట్టుందే అంది. ఫిట్ కాగితంతో పాటు, కాళ్ళకు రాసుకోమని ఒక ఆయింట్‌మెంట్ కూడా చేతిలో పెట్టింది.

"ఇంకోసారి వచ్చినప్పుడు రోగం చెప్పకు, పని చెప్పు. రాయాల్నో వద్దో నేను చూసుకుంట. అబద్ధం చెప్పి మాత్రం నా తాన సిక్ తీసుకోకు."

సదానందం తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చాడు. తిడితే పడేవాడు, పడటం అలవాటే. మందిచ్చి పంపితే ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

కోతల కాలం వచ్చింది. ఈసారి కడుపు పట్టుకోకుండా లోపలికి పోయి, గొంతు తగ్గించి, అమ్మా కోతలున్నయి అన్నాడు. ఆమె ఆయన్ని బల్లమీద బోర్లా పడుకోమంది. వెన్నుపూస వెంబడి వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆపింది. సదానందం అబ్బా అన్నాడు. నటించకుండానే అన్నాడు.

"కోతలు లేకున్నా గీ నడుముకు సిక్ రాయొచ్చు. నువ్వు ఏ దినం వచ్చినా రాయొచ్చు. గందుకే నేనేం అబద్ధం రాస్తలేను" అంది ఆమె.

అన్నేళ్ళుగా నడుంనొప్పి అని అబద్ధం చెబుతున్నాననే ఆయన అనుకుంటూ వచ్చాడు. అది నిజమేనని ఆ రోజు బల్లమీద పడుకున్నాకే తెలిసింది. బాయి మనిషికి నొప్పి ఒంట్లో ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది, ప్రత్యేకంగా ఎవరూ పలకరించరు.

ఈ సంగతి కొండల్‌కు తెలిసింది, కొండల్‌కు తెలిసిందంటే కాలనీకంతా తెలిసినట్టే. మెల్లగా షెడ్డు కింద నటనలు ఆగిపోయాయి. డాక్టరమ్మ గదిలో రోగాల కంటే పనులే ఎక్కువ వినబడేవి. బిడ్డకు సంబంధం చూడటానికి వస్తున్నారని ఒకడు, తమ్ముడు దుబాయి నుంచి దిగుతున్నాడని ఒకడు, ఎడ్లు తప్పిపోయాయని మరొకడు. ఆమె అందరికీ రాసేది కాదు. మేకపోతును కొనడానికి పోవాలన్నవాడిని, ఆదివారం పో అని వెనక్కి పంపింది. ఆమె కాదంటే ఎవరూ తగువు పెట్టుకునేవాళ్ళు కాదు. నిజం చెప్పి కాదనిపించుకుంటే అంత బాధ ఉండదని వాళ్ళకు అప్పుడే తెలిసొచ్చింది. మధ్యలో ఆమె బదిలీ మీద పోయినప్పుడు కాలనీలో మళ్ళీ కుంటడాలు, వణకడాలు మొదలయ్యాయి. ఆమె తిరిగి వచ్చాక పోయాయి. సదానందం మాత్రం ఆ కాళ్ళు చూపించిన నాటినుంచి ఆమె దగ్గర ఒక్క అబద్ధం ఆడలేదు. మిగతా లోకంతో అవసరం కొద్దీ ఆడేవాడు, అది వేరే సంగతి.

తట్టలు పోయి యంత్రాలొచ్చాయి. మిగిలిన ఫిల్లర్లు వేరే పనుల్లోకి సర్దుకున్నారు. కాలనీలో సగం క్వార్టర్లు ఖాళీ అయి కిటికీల్లోంచి పిచ్చిమొక్కలు మొలిచాయి. ఇప్పుడు రేకుల షెడ్డు కింద వరుస ఎక్కడిది, నలుగురు మనుషులు, నాలుగు ఫోన్లు. ఆ పాత వరుస, ఆ దొంగ దగ్గులు, ఆ జాతర బెల్లం గుర్తొస్తే సదానందానికి ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వు వెనకాలే ఏడుపూ వస్తుంది. ఆ వరుసలో నిలబడ్డవాళ్ళలో ఎంతమంది లేరో ఆయనకు తెలుసు.

ఈ ఎండాకాలం సదానందానికి నిజంగా బాగలేకుండా అయింది. షిఫ్ట్ అయ్యాక బాయిలోంచి పైకి నడిచి వస్తూ సగం దారిలో కూర్చుండిపోయాడు. ఛాతీలో బండ పెట్టినట్టుందన్నాడు. కొండల్ వాళ్ళు పైకి మోసుకొచ్చారు. కరీంనగర్ ఆసుపత్రిలో గుండెకు స్టెంట్ వేసి పంపారు. డాక్టరమ్మ ఏ పనీ అడగకుండా సిక్ రాసింది. ఇంతకాలం తర్వాత దొరికిన అసలైన సిక్ ఎంత పనికిమాలినదో ఆయనకు వారంలోనే తెలిసిపోయింది. దాంతో ఎక్కడికీ పోవడానికి లేదు. వాన పడింది, పొలం కౌలుకిచ్చేశారు, ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బాలవ్వ పెట్టే ఉప్పులేని కూర తిన్నాడు. బాలవ్వ ఆయన భార్య. ఆయన సిక్‌లో ఉండి ఇంట్లోనే ఉండటం ఆమె పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి చూడటం.

జూలై ఆఖరున ఆయన రిటైర్‌మెంట్.

బాయిలో రిటైర్ అయ్యేవాడికి ఒక పద్ధతి ఉంది. చివరి రోజు కూడా టోపీకి లైటు పెట్టుకుని, బాయి మూతి దగ్గరున్న మైసమ్మకు మొక్కి, అందరితో పాటు కిందికి దిగుతాడు. షిఫ్ట్ అయ్యాక అందరికంటే వెనక పైకి వస్తాడు. ఆ రోజు అతన్ని స్నానం చేయనివ్వరు. మసి మొహంతోనే మెడలో పూలదండ వేసి, డప్పులు కొట్టుకుంటూ ఇంటిదాకా నడిపిస్తారు. ఆ మసిని ఇంటి ఆడమనిషి వాకిట్లో కడగాలి. అదే ఆఖరి కడుగుడు. సిక్‌లో ఉండగా రిటైర్ అయినవాడికి ఇవేమీ లేవు, కాగితాలు ఇంటికొస్తాయి, అంతే. ఎంతోమంది వెనక డప్పు చప్పుడుకు నడిచిన సదానందం, తన వంతు వచ్చేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని రిటైర్ కాదలచుకోలేదు. ఫిట్ కావాలన్నాడు. ఒక్కరోజు బాయి దిగాలన్నాడు.

బాలవ్వ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"ముప్పై ఏండ్లు బాయి వద్దు, పొలమే పొలమే అన్నవ్. ఇప్పుడు బాయి నిన్ను వద్దంటే పోతనంటవా?"

"పాణం పొలంల ఉన్నదనుకున్ననే ఇన్నొద్దులు" అన్నాడు సదానందం. "అది గా బాయిలనే ఎక్కడ్నో పెట్టి మరిచిన. ఒక్కపారి పోయి తెచ్చుకుంట."

బాలవ్వ మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది గానీ ఆ పూట బియ్యంలో రాళ్ళు ఆమెకు కనిపించలేదు.

కరీంనగర్ ఆసుపత్రి వాళ్ళు, మనిషిని చూసి ఏ పనికి ఫిట్టో మీరే రాయండని డాక్టరమ్మకే వదిలేశారు. డిస్పెన్సరీకి పోయేరోజు పొద్దున్నే సదానందం గడ్డం గీసుకున్నాడు, జుట్టుకు రంగేసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. రేకుల షెడ్డు కింద అటూ ఇటూ నడిచి ఆయాసం బయటపడకుండా ఊపిరి ఎలా పట్టాలో చూసుకున్నాడు. ఒకప్పుడు అదే షెడ్డు కింద వణకడం ప్రాక్టీసు చేసిన మనిషి, ఇప్పుడు బాగుండటం ప్రాక్టీసు చేశాడు. రెండోదే కష్టం.

డాక్టరమ్మకు కూడా జుట్టు నెరిసింది, ఆమె రంగు వేసుకోలేదు. ఆయన్ని చూడగానే నాట్లు పడ్డాయా అని నవ్వుతూ అడిగింది. ఫిట్ కావాలమ్మా అన్నాడు సదానందం. నాట్ల కాలంలో ఫిట్ అడిగినవాడిని ఇప్పుడే చూస్తున్నానంది. గేటుదాకా నడిచి రమ్మంది. ఊపిరి బిగబట్టి పోయి వచ్చాడు. మంచిగున్న అమ్మా, ఏం లేదు అన్నాడు. ఆమె స్టెతస్కోపు ఛాతీమీద పెట్టి చాలాసేపు వింది. ఆ బిగబట్టిన ఊపిరంతా అక్కడ ఆమె చెవిలోకి పోయింది. స్టెతస్కోపు తీసి బల్లమీద పెట్టింది.

రోగం చెప్పకు, పని చెప్పమని నీకు ఎప్పుడో చెప్పాను కదా అంది. సదానందం తల వంచుకున్నాడు. తర్వాత చెప్పాడు. మైసమ్మ, లైటు, మసి, పూలదండ, బాలవ్వ చేతి ఆఖరి కడుగుడు, అన్నీ చెప్పాడు. ఆమె మధ్యలో ఆపలేదు.

"ఇన్నేండ్లు మంచిగుండి సిక్ అడిగినవ్, రాసిన. నీ నడుము నాకు తెలుసు గనుక చెయ్యి వణకలే. ఇయ్యాల బాగలేక ఫిట్ అడుగుతున్నవ్. కింద ఏమన్న అయితే నిన్ను మళ్ళ పైకి మోసుకొచ్చేది కొండల్ వాళ్ళే. ఈసారి మోసుకొచ్చేది మనిషినో, ఇంకేందో."

ఆమె కాగితం తీసి రాసింది. పైన పనికి మాత్రమే ఫిట్, కింద పనికి కాదు. దాంతో చివరిరోజు బాయి మీద, లైట్లు ఇచ్చే గదిలో డ్యూటీ పడుతుంది. హాజరు పడుతుంది. సిక్‌లో రిటైర్ అయ్యాడన్న మాట ఉండదు. కాగితం చేతికిస్తూ ఆమె ఇంకొక మాట అంది.

"నేను బాయి కాడికి రాను సదానందం. ఆడ నిన్ను ఆపేటోళ్ళు కూడ ఎవరుండరు. నువ్వే దిగకు."

సదానందం దండం పెట్టకుండానే లేచి వచ్చేశాడు. కోపమొచ్చింది. ఇన్నేళ్ళ నిజాలకు ఇదా విలువ అనిపించింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం ఆయన. లైటు గది చేతికొచ్చిందంటే బాయి మూతి ఇరవై అడుగులు, ఎవడు చూడొచ్చాడని ఇంటికొచ్చేలోపే నిర్ణయించుకున్నాడు.

ఆఖరి రోజుకు బిడ్డ హర్షిణి కరీంనగర్ నుంచి వచ్చింది. ఆమె ఒక బండ్ల షోరూంలో లెక్కలు చూస్తుంది. సెలవెట్లా ఇచ్చారని అడిగాడు. సిక్ పెట్టానంది. ఫోన్లోనే ఎవరో డాక్టరుకు జ్వరమని చెబితే, అన్నం ఉడికేలోపు సర్టిఫికెట్ ఫోన్లోకి వచ్చిందట. చెయ్యి పట్టి చూడలేదా అన్నాడు సదానందం. ఆ డాక్టరు మొహం తనూ చూడలేదు, తన మొహం ఆయనా చూడలేదంది.

"మా బాపు రిటైర్ అయితుండని మీ సార్‌కు చెప్పకపోయినవా?"

"నిజం చెప్తే ఇయ్యరు బాపు. అబద్ధానికే ఇస్తరు" అంది హర్షిణి.

తను నిజం చెప్పే ఎన్ని శ్రావణాలు పొలానికి పోయాడో సదానందానికి గుర్తొచ్చింది. చెబితే వినే మనిషి తన ఉద్యోగంలో ఒకరున్నారు, బిడ్డ ఉద్యోగంలో లేరు. డాక్టరమ్మ మీద కోపం ఇంకా ఉంది గానీ, అది ముందు రోజున్న చోట లేదు.

లైటు గదిలో పొద్దున షిఫ్ట్ మొదలైంది. గేటు దగ్గర హాజరు వేయించుకుని వచ్చేవాళ్ళు కిటికీలోంచి బిళ్ళ ఇస్తారు, బిళ్ళ మీది నంబరు చూసి ఆ లైటు తీసి ఇవ్వాలి. ఎన్నో ఏళ్ళు ఆ కిటికీకి అవతల నిలబడి చెయ్యి చాపిన మనిషి ఇవతల నిలబడి అందరి చేతులు చూశాడు. గోళ్ళ కింద మసి ఉన్న చేతులు. కొన్ని చేతులు ఆయన చేతిని ఒక్క క్షణం పట్టుకుని వదిలాయి. చివరికి స్టాండు మీద ఒక్క లైటు మిగిలింది. అది ఆయనది.

కొండల్ కిటికీ దగ్గర ఆగాడు. మొదటి మలుపు దాకా పోయి వద్దాం రా అన్నా, ఎవరు చూస్తారు అన్నాడు. సదానందం ఆ మాట కోసమే చూస్తున్నాడు. తన లైటు తీసి టోపీకి పెట్టుకున్నాడు. బాయి మూతి దగ్గరికి పోయి మైసమ్మకు మొక్కాడు.

లోపల్నుంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. తడిసిన కర్ర వాసన, బొగ్గు వాసన, మందు పేల్చిన పొగ వాసన కలిసిన ఆ గాలి ఇంకెక్కడా ఉండదు. తొలిరోజు ఈ గాలికి భయపడ్డాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు తిట్టుకున్నాడు. ఇప్పుడు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అక్కడ కూర్చుని సద్దులు విప్పుకుని పచ్చిపులుసు పంచుకున్నవాళ్ళు, చీకట్లో పాటలందుకున్నవాళ్ళు, పైకప్పు చప్పుడు చేస్తే భుజం పట్టి వెనక్కి లాగినవాళ్ళు, అందరూ ఆ గాలిలోంచే పిలుస్తున్నట్టుంది. ఒక్క అడుగు వేశాడు. ఇంకో అడుగు వెయ్యడానికి కాలెత్తాడు.

సాయంత్రం డప్పులు డిస్పెన్సరీ ముందునుంచే పోవాలి. ఆమె వరండాలోకి వస్తుంది. దిగినవా అని అడుగుతుంది. లేదని అబద్ధం చెప్పగలడా? చెప్పగలడు. ఆమె నమ్ముతుంది కూడా. ఆయన్ని ఆపింది అదే. నమ్మకపోయి ఉంటే దిగేవాడే.

టోపీ లైటు ఊడదీసి కొండల్ చేతిలో పెట్టాడు.

"నా లైటు నువ్వు తీసుకపో. నా బదులు అది చూసొస్తది."

కొండల్ తన లైటు నెత్తిన, సదానందం లైటు చేతిలో పట్టుకుని దిగాడు. ఆ రెండు వెలుగులు మలుపు దగ్గర మాయమయ్యేదాకా సదానందం అక్కడే నిలబడి, తర్వాత లైటు గదికి పోయి కూర్చున్నాడు. పొద్దు ఎంతకూ గడవలేదు. బాయి కింద పొద్దు ఎప్పుడూ ఇంత పెద్దగా ఉండేది కాదు.

షిఫ్ట్ దిగింది. అందరూ నల్లగా పైకొచ్చారు. మేనేజరు శాలువా కప్పి రెండు ముక్కలు మాట్లాడి పోయాడు. డప్పులవాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. పూలదండ పట్టుకుని కొండల్ ముందుకొచ్చి ఆగిపోయాడు. అంతమంది నల్లటి మనుషుల మధ్య సదానందం ఒక్కడే ఇస్త్రీ చొక్కాతో తెల్లగా, పెళ్ళికొచ్చిన చుట్టంలా నిలబడి ఉన్నాడు.

"గిట్లుంటె రిటైర్ అయ్యేది ఎవలో తెలువది అన్నా" అన్నాడు కొండల్. దండ పక్కవాడికిచ్చి, రెండు అరచేతులతో తన మొహం తుడుచుకుని, ఆ చేతులు సదానందం చెంపలకు పెట్టాడు. వెనకున్నవాడు వచ్చి నుదుటికి రాశాడు. ఇంకొకడు మెడకు. ఒక్కొక్కరే వచ్చి తమ మసి కొంచెం కొంచెం ఇచ్చిపోయారు. సదానందం ఏడ్చాడు. ఏడవలేదని చెప్పుకునే అవకాశం కూడా లేకుండా కన్నీళ్ళు చెంపలమీద తెల్లటి చారలు పెట్టాయి. అప్పుడు దండ వేశారు.

డప్పులు మొదలయ్యాయి. తన బట్టలకు మసి అంటుకుంటున్నా హర్షిణి తండ్రి చెయ్యి పట్టుకుని నడిచింది. డిస్పెన్సరీ ముందుకు వచ్చేసరికి డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది. నవ్వుతూ వచ్చిన మనిషి ఆయన మొహం చూసి మెట్టు మీదే ఆగిపోయింది. నవ్వు పోయింది. డప్పులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే కొట్టడం ఆపారు.

ఆమె ఏమీ అడగలేదు. సదానందమే ముందుకు వచ్చాడు.

"దిగలేదమ్మా. ఇది కొండల్ వాళ్ళ మసి."

చెప్పాక కూడా ఆయనకు మనసు ఒప్పలేదు. బాయి దిగినవాడి కాళ్ళు నీళ్ళకూ బొగ్గు బురదకూ ఎట్లా ఉంటాయో ఆమెకు తెలుసు. పాత అలవాటు కొద్దీ మెట్టు మీద కూర్చుని బూటు తాడు విప్పడానికి వంగాడు.

డాక్టరమ్మ కిందికి దిగి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"వద్దు సదానందం. చెప్పినవ్ గద."

ఆమె చేతికీ మసి అంటుకుంది, ఆమె తుడుచుకోలేదు. సదానందం లేచి, ఆ రోజు పెట్టకుండా వచ్చేసిన దండం ఇప్పుడు పెట్టాడు. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. వాకిట్లో బాలవ్వ నీళ్ళు కాగబెట్టి ఎదురుచూస్తోంది.